వృద్ధాప్యమున కంఠగ్రంథి క్యాన్సరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు దీప మారకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులను ఒకచోట చేర్చిన నాటినుండియు మన గ్రంథాలయములు కేవలము పుస్తకములు దాచు కొట్టములుగా నుండలేదు. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించుట, తెలిసినవారు తెలియనివారికి చెప్పుట అను ధర్మమును అవి పాటించుచు వచ్చినవి. ఆ ధర్మమును బట్టియే ఈ ఉత్సవమున వైద్యవిషయ మొకటి చెప్పుమని నన్ను కోరితిరి. అందులకు కృతజ్ఞుడను.

పండుగ పూట క్యాన్సరు మాట యేల యని కొందరకు తోచవచ్చును. కాని ఈ సభలో తల నెరసిన పెద్దలు చాలమంది యున్నారు. వారిని పోషించు కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు అంతకంటె ఎక్కువమంది యున్నారు. పెద్దల మెడలో పుట్టు ఒకానొక వ్యాధి దినములలో పెరిగి, ఇంటివారు తర్కించుకొనులోపలనే ఊపిరికి అడ్డుపడును. దానినిగూర్చి ముందుగా తెలిసియున్న యింటికిని, తెలియని యింటికిని ఎంతో భేదము కలదు. కావున ఈ విషయమునే ఎంచుకొంటిని.

మన కంఠమున గాలిగొట్టమునకు ముందువైపున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున ఒక చిన్న గ్రంథి యుండును. దానిని థైరాయిడ్ అనియు, తెలుగు పుస్తకములలో అవటు గ్రంథి యనియు వ్రాయుదురు. నేను కంఠగ్రంథి యనియే పిలిచెదను. దాని బరువు సుమారు 20 గ్రాములు. మనము తిను ఆహారములోని అయొడిన్‌ను అది పీల్చుకొని థైరాక్సిన్ అను రసమును తయారుచేయును. శరీరపు వేడి, గుండె వేగము, పిల్లల ఎదుగుదల ఈ రసముపై ఆధారపడియుండును. ఈ గ్రంథి ఉబ్బినప్పుడు గళగండ మందురు. గళగండము లన్నియు క్యాన్సరులు కావు. వానిలో అధికభాగము ప్రాణహాని లేనివే. ఈ మాట మొదట గట్టిగా గుర్తుంచుకొనవలెను.

కంఠగ్రంథిలో పుట్టు క్యాన్సరులును ఒకే తీరువి కావు. వానిలో నాలుగు ముఖ్యమైనవి. పాపిల్లరీ అనునది అన్నిటికంటె ఎక్కువగా కనబడునది. మెల్లగా పెరుగును; పడుచువారిలో సక్రమముగా చికిత్స జరిగినచో రోగి పూర్ణాయుర్దాయముతో జీవించుట సర్వసాధారణము. రెండవది ఫాలిక్యులర్. ఈ రెండింటి కణములును అయొడిన్‌ను పీల్చు గుణమును చాలవరకు నిలుపుకొనును. ఆ గుణమే వైద్యునకు ఆయుధము. కిరణములు వెదజల్లు అయొడిన్ 131ని మ్రింగించినచో అది క్యాన్సరు కణములను వెదకికొని పోయి లోపలినుండియే నశింపజేయును. దాని బలము ఎనిమిది దినములకొకమారు సగమగుచు పోవును. 1946 నాటికే అమెరికాలో ఈ పద్ధతి కంఠగ్రంథి క్యాన్సరునకు ప్రయోగింపబడినది. మూడవది మెడుల్లరీ. అది కొన్ని కుటుంబములలో వంశానుగతముగా వచ్చును.

నాలుగవది అనాప్లాస్టిక్. నేను చెప్పదలచినది ముఖ్యముగా దీనినిగూర్చియే. నూరు కంఠగ్రంథి క్యాన్సరులలో ఒకటియో రెండో మాత్రమే ఈ రకమునకు చెందును. కాని కంఠగ్రంథి క్యాన్సరుచే మరణించు వారిలో మాత్రము దీని వంతు మిక్కిలి పెద్దది. ఇది ప్రాయికముగా అరువది దాటినవారికి వచ్చును. తరచుగా ఏండ్ల తరబడి మెడలో కదలక మెదలక పడియున్న పాత గడ్డనుండియే పుట్టును. ఇందలి కణములు తమ జన్మగుణమును మరచినవి, అయొడిన్‌ను పీల్చుకొనవు. కావున అయొడిన్ చికిత్స దీనికి పనిచేయదు. పాత లెక్కల ప్రకారము, వ్యాధి తెలిసిన తరువాత రోగులలో సగముమంది ఐదారు నెలలకు మించి జీవింపలేదు. ఏడాది దాటినవారు నూటికి ఇరువదిమంది మాత్రమే.

ఇంత క్రూరమైన వ్యాధిని ఎట్లు గుర్తింపవలెను? ఒక యింటిలో డెబ్బదియేండ్ల అవ్వ యున్నదనుకొనుడు. ఇరువదియేండ్లుగా ఆమె మెడలో నిమ్మకాయంత గడ్డ కలదు. నొప్పి లేదు, బాధ లేదు. ఇంటిల్లిపాదియు దానికి అలవాటుపడిపోయిరి. ఒక నెలలో ఆ గడ్డ రెండింతలైనది. తాకిన రాయివలె గట్టిగా నున్నది. గుటక వేసినప్పుడు పైకి క్రిందికి కదలవలసిన గడ్డ కదలకున్నది. గొంతు బొంగురుపోయినది. గట్టి ముద్ద దిగక జావ మాత్రమే దిగుచున్నది. పడుకొన్న గురక వంటి ఈల చప్పుడుతో ఊపిరి ఆడుచున్నది. మెడ ప్రక్కల బిళ్ళలు కట్టినవి. ఈ గుర్తులలో ఏ రెండు కలిసి కనబడినను ఆ వారములోనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. ఊపిరిలో ఈల చప్పుడున్నచో ఆ దినముననే పోవలెను. మరునాటికి వాయిదా వేయకూడదు.

ఇక్కడనే మన యిండ్లలో ఒక మాట వినబడును: “ఈ వయసులో కోతలు, కరెంటు పెట్టించుట లెందుకు? ఉన్నన్నాళ్ళు ఉండనిండు.” ఈ మాటలో ప్రేమ లేకపోలేదు. కాని ఇది రోగమేదో తెలియకముందే చెప్పు తీర్పు. ఏలయన, వృద్ధుల మెడ హఠాత్తుగా ఉబ్బుటకు అనాప్లాస్టిక్ క్యాన్సరు ఒక్కటియే కారణము కాదు. పాత గడ్డలోనికి నెత్తురు చేరినను రాత్రికి రాత్రి ఉబ్బును. అది క్యాన్సరే కాదు. లింఫోమా అను వేరొక క్యాన్సరు కంఠగ్రంథిలో, ముఖ్యముగా వృద్ధస్త్రీలలో, సరిగ్గా ఇదే విధముగా వేగముగా పెరుగును. చూచుటకు రెండును కవలపిల్లల వలె నుండును. కాని లింఫోమా మందులకును కిరణచికిత్సకును చక్కగా లొంగును. గ్రంథిని కోసి తీయవలసిన పని చాలమందికి పడదు. పూర్తిగా నయమైనవారు ఎందరో కలరు. పరీక్ష చేయింపక ఇంటనే ఉంచినచో, నయము కాదగిన రోగిని నయము కాని రోగి యని పొరపడి పోగొట్టుకొన్న వారమగుదుము. అందుచేత వయస్సు ఎనుబదియైనను, తొంబదియైనను, రోగమేదో తెలిసికొను హక్కు ఆ వృద్ధునకు కలదు. చికిత్స ఎంతవరకు అనునది అటుపిమ్మటి ప్రశ్న.

రోగము తెలిసికొనుట ఎట్లు? సన్నని సూదితో కొన్ని కణములను తీసి చూచుట మొదటి పరీక్ష. ఈ వ్యాధిలో అది పలుమారులు చాలదు. కొంచెము లావు సూదితో చిన్న ముక్కను తీసి పరీక్షింపవలెను. “సూది గ్రుచ్చినచో క్యాన్సరు పాకును” అను భయము మనలో పాతుకొనియున్నది. ఆ భయముతో పరీక్ష మానుకొన్నవారికి కలుగు నష్టమే నిజమైన నష్టము. తరువాత మెడకు, రొమ్మునకు స్కానింగు తీసి వ్యాధి ఎంతదూరము వ్యాపించినదో చూతురు. అనాప్లాస్టిక్ రకమని తేలినచో వైద్యులు మొదటి దినముననే “నాలుగవ దశ” యని వ్రాయుదురు. ఆ మాట విని ఇంటివారు కుప్పకూలుదురు. ఈ రకము వేగము కలది గనుక గ్రంథి దాటని చిన్న గడ్డనైనను నాలుగవ దశలోనే లెక్కింతురు. అందులోనే మరల మూడు మెట్లు కలవు: గ్రంథిలోనే యున్నది, మెడలో వ్యాపించినది, ఊపిరితిత్తులు మొదలగు దూరస్థానములకు ప్రాకినది. కావున దశ యెన్నవదని కాక, ఏ మెట్టున నున్నదని అడుగవలెను.

చికిత్సలు మూడు తెరగులు. గడ్డను పూర్తిగా తీయుటకు వీలున్నచో శస్త్రచికిత్స మొదటిది. గాలిగొట్టమును, పెద్ద రక్తనాళములను పెనవేసుకొన్న గడ్డను కొంత కోసి కొంత విడుచుటవలన మేలు లేదు. రెండవది కిరణచికిత్స. మనవారు దీనినే కరెంటు పెట్టుట యందురు. ఇది విద్యుత్తు కాదు, ఎక్స్‌రే జాతి కిరణములే. పూర్తి చికిత్స వారమునకు ఐదుదినముల చొప్పున ఆరేడు వారములు సాగును. ఆ కాలమున గొంతు పుండగును, ఆహారము దిగుట కష్టమగును. ముక్కుద్వారా గాని పొట్టకు గాని గొట్టము వేసి ఆహార మీయవలసి రావచ్చును. అంత తట్టుకొనలేని వృద్ధులకు, బాధ తగ్గించుట కొరకు కొలది దినములలో ముగియు చిన్న చికిత్సయు కలదు. మూడవది మందులు.

క్యాన్సరును మందులతో ఎదుర్కొనవచ్చునను ఆశకు పునాది వేసినవారిలో మన తెలుగువాడు ఒకడున్నాడని ఈ సందర్భమున స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధననుండి వెలువడిన అమైనోప్టెరిన్ అను మందుతోనే సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో తాత్కాలికముగనైనను వ్యాధిని వెనుకకు త్రిప్పగలిగెను. ఆ ఫలితములు 1948లో ప్రకటితమైనవి. సుబ్బారావుగారు ఆ యేటనే కన్నుమూసిరి.

అయినను అనాప్లాస్టిక్ క్యాన్సరు చాలకాలము ఏ మందునకును సరిగా లొంగలేదు. 2018లో ఒక మార్పు వచ్చినది. ఈ రోగులలో నూటికి సుమారు 40 మందికి క్యాన్సరు కణములలోని బ్రాఫ్ అను జన్యువునందు ఒకానొక మార్పు కనబడును. ఆ మార్పు కణమును ఆగకుండ పెరుగుమని ఆజ్ఞాపించుచుండును. ఆ ఆజ్ఞను రెండుచోట్ల త్రెంచు డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ అను రెండు మందులను కలిపి వాడుటకు 2018 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి యిచ్చినది. ఇవి నోటితో మ్రింగు మందులు. 36 మంది రోగులకు ఇచ్చి చూచిన పరీక్షలో నూటికి 56 వంతున గడ్డలు బాగుగా కుంచించినవి. సుమారు సగముమంది ఏడాది దాటి జీవించిరి. కోసి తీయుటకు వీలులేని గడ్డ ఈ మందులతో చిన్నదై, పిదప శస్త్రచికిత్సకు అనువైన సందర్భములును కలవు. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు ఆసుపత్రిలో 2000 మొదలు 2013 వరకు చూచిన ఈ రకపు రోగులలో ఏడాది నిండ బ్రదికినవారు నూటికి 35 మంది కాగా, 2017–2019 మధ్య ఆ సంఖ్య 59కి పెరిగినది. అది సర్వసాధనములు గల పెద్ద ఆసుపత్రి లెక్క. ప్రతిచోట అట్లే జరుగునని చెప్పరాదు. కాని “చేయునది ఏమియు లేదు” అను మాటకు కాలము చెల్లినదని చెప్పుటకు అది చాలును.

అందుచేత ముక్క తీసిన దినముననే “బ్రాఫ్ పరీక్షకు పంపితిరా?” యని ఇంటివారు వైద్యుని వినయముగా అడుగవలెను. ముక్కకు రంగువేసి చూచు పద్ధతిలో దీని ఫలితము కొలదిదినములలోనే తెలియును. ఆ మార్పు లేనివారికి వేరు మందులు కలవు గాని వాని ఫలము ఇంకను పరిమితమే. ఈ జంటమందు వాడువారికి జ్వరము వచ్చుట సాధారణము. వచ్చినపుడు తమంతట తాము మందు మానక వైద్యునకు తెలుపవలెను. ఈ మందు వ్యాధిని అణచును గాని అందరిలోను వేరుతో పెకలింపదు. కొందరిలో వ్యాధి మరల తల ఎత్తును. ఈ సత్యమును దాచుట మేలు కాదు.

ఇక వయస్సు మాట. వైద్యుడు చూడవలసినది జాతకములోని వయస్సును కాదు, శరీరములోని సత్తువను. తన పని తాను చేసికొనుచు, గుండె, మూత్రపిండములు బాగుగా నున్న ఎనుబదియేండ్ల తాత చికిత్సను తట్టుకొనవచ్చును. మంచము దిగలేని అరువదియేండ్ల మనిషి తట్టుకొనలేకపోవచ్చును. మధుమేహము, రక్తపుపోటు ఉన్నచో వానిని ముందు అదుపులో పెట్టవలెను.

ప్రపంచమెరిగిన ఉదాహరణ మొకటి చెప్పెదను. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్టుకు ఎనుబదియవ యేట, 2004 అక్టోబరులో కంఠగ్రంథి క్యాన్సరు బయటపడినది. ఏ రకమో ప్రకటింపలేదు గాని, చికిత్స తీరునుబట్టి అది అనాప్లాస్టిక్ అయి యుండునని పలువురు వైద్యు లూహించిరి. ఊపిరికై గొంతున గొట్టము వేసిరి. కిరణచికిత్సయు మందులును ఇచ్చిరి. 2005 జనవరి 20న ఆయన ఆ గొట్టముతోనే వచ్చి అధ్యక్షునిచేత పదవీప్రమాణము చేయించెను. 2005 సెప్టెంబరు 3న మరణించెను. చికిత్స ఆయనను బ్రదికింపలేదు. కాని తాను కోరిన పనిని తాను చేసికొనుటకు కొన్ని నెలలు సమకూర్చినది. కొందరు వృద్ధులకు ఆ నెలలు అమూల్యములు. మనుమరాలి పెండ్లి చూడవలెనని ఒకరికి, పొలము పంపకము తన చేతిమీదుగా జరుగవలెనని మరొకరికి ఉండవచ్చును. ఇంకొకరికి ఆసుపత్రి గోడల నడుమ కాక, తన యింటి అరుగుమీద, సముద్రపుగాలిలో కన్నుమూయవలెనని ఉండవచ్చును. ఈ రెండు కోరికలును గౌరవింపదగినవే.

కాని ఆ కోరిక ఏదో ఎవరు చెప్పవలెను? రోగియే చెప్పవలెను. మన యిండ్లలో జరుగునది వేరు. వైద్యుడు మాటలాడునపుడు కొడుకులు అవ్వను బయట కూర్చుండబెట్టి లోపలికి పోవుదురు. “ఆమెకు చెప్పవద్దండీ, బెంగపడును” అందురు. పదిమంది బిడ్డలను పెంచి, కరవులను తుఫానులను దాటి, సంసారమును ఒడ్డుకు చేర్చిన అవ్వకు తన ఊపిరిని గూర్చిన మాట వినుటకు ధైర్యము చాలదా? ముఖ్యముగా గొంతున గొట్టము వేయు విషయము ముందుగానే అడుగవలెను. ఊపిరాడక కొట్టుకొనునప్పుడు అర్ధరాత్రి అడుగు ప్రశ్న కాదది. గొట్టము వేసినచో ఊపిరి నిలుచును, మాట తగ్గును, దినమునకు పలుమారులు దానిని శుభ్రము చేయు మనిషి ఇంట నుండవలెను. ఇవన్నియు చెప్పి, “అమ్మా, నీ మాట యేమి?” యని అడుగుటయే పుత్రధర్మము. ఆమె వలదన్నచో, ఆ మాటను మన్నించుటయు పుత్రధర్మమే.

చికిత్స వలదనుకొన్నంత మాత్రమున వైద్యము ముగియలేదు. నొప్పి తగ్గించుట, ఆయాసమును ఉపశమింపజేయుట, నిద్ర పట్టించుట వైద్యములో భాగములే. మార్ఫిన్ వంటి మందు వైద్యుని అదుపున సక్రమముగా ఇచ్చినచో రోగి నొప్పి లేక శాంతిగా నుండును. 2014లో భారత ప్రభుత్వము చట్టమును సవరించి ఇట్టి మందులు రోగులకు అందుటను సులభము చేసినది. వ్యాధి తెలిసిన మొదటి దినమునుండియే ఈ ఉపశమన వైద్యమును తక్కిన చికిత్సతోపాటు అడిగి పొందవచ్చును.

పోవలసిన చోటు లేవి? పులికాటు సరస్సును దాటి సూళ్లూరుపేట చేరినచో అక్కడనుండి చెన్నపట్టణమునకు రైలుబండి కలదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే 1954లో వెలసిన అడయారు క్యాన్సరు సంస్థ అచ్చటనే యున్నది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రియు, 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు సంస్థయు కలవు. ఖర్చు విషయమున, 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై పిదప ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పేరు మారిన పథకమును గూర్చి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ పథకమును డెబ్బదియేండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేక విస్తరింపజేసినది. నేను చెప్పిన కొత్త మందులు మిక్కిలి ఖరీదైనవి. ఏ పథకమున నెంతవరకు దొరకునో మొదటనే విచారించుకొనవలెను. పొలమమ్మి, అప్పుచేసి, సగములో ఆగిపోవుట కంటె అది మేలు.

అయొడిన్‌ను గూర్చి ఒక మాట. మనము సముద్రతీరవాసులము, ఉప్పు మన చెంతనే పండును గనుక అయొడిన్ లోటు మనకు లేదని కొంద రనుకొందురు. కొటారులలో పండిన రాతి ఉప్పులో అయొడిన్ నామమాత్రమే. అది సముద్రపు చేపలలో కలదు. అయొడిన్ కలిపిన ఉప్పులో కలదు. అయొడిన్ లోటు తీరిన దేశములలో గళగండములును, వానితోపాటు ఈ అనాప్లాస్టిక్ క్యాన్సరును తగ్గుముఖము పట్టినవి. కావున అయొడిన్ కలిపిన ఉప్పునే వాడుడు. మెడలో పాత గడ్డ ఉన్నవారు దానికి పసరుకట్లు కట్టుట, వాతలు పెట్టుట మాని, ఒకమారు వైద్యునకు చూపి, గుండుసూది మొనంత యైనను అనుమానమున్నచో పరీక్ష చేయించుకొనుడు. పాత గడ్డను సకాలమున చూపుకొనుటయే ఈ క్రూరవ్యాధికి మన చేతిలోనున్న అడ్డుకట్ట.

1971 అక్టోబరు 9న ఈ శ్రీహరికోటనుండి మొదటి రోహిణి రాకెట్టు పైకెగసినది. నాటినుండి మన యిసుక దిబ్బలపేరు లోకమంతట మారుమ్రోగినది. అంతటి విజ్ఞానము మన గుమ్మమున నుండగా, మన యింటి అవ్వ మెడలోని గడ్డ నెలలో రెండింతలైన సంగతి మనము గమనింపకపోవుట తగదు.

కడపట గ్రంథాలయమువారికి చిన్న విన్నపము. నేను చెప్పిన గుర్తులను, పోవలసిన ఆసుపత్రుల పేర్లను, ఒక అట్టపై పెద్ద అక్షరములతో వ్రాయించి పత్రికలు చదువు బల్లయెదుట వ్రేలాడదీయుడు. చదువరులు ఇంటికి పోయి చదువురాని పెద్దలకు వినిపింపుడు. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు దినమున పాత కాగితములు, స్కానింగులు, వాడుచున్న మందులు అన్నియు ఒక సంచిలో పెట్టించుటకు గ్రామమున చదువుకొన్న యువకు డొకడు తోడుపడినచో, అతడు ఒక వారమును ఆదా చేసినవాడగును. ఈ వ్యాధిలో వార మన్నది చిన్న లెక్క కాదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక!